అన్నయ్య గదిలో నత్త

ఎండలు ముదిరిన ఒక ఉదయం రాజేశం ఫోన్ చేశాడు. "చెల్లె, దుకాణం బంద్ చేస్తున్న. గీ బిల్డింగు కూలగొడ్తున్రు. శేషుగాని డబ్బా ఇంకా నా తాననే ఉన్నది. పారెయ్య మనసొప్పుతలేదు. జర ఒకసారి వచ్చి చూసిపో" అన్నాడు. శేషు మా అన్నయ్య. రాజేశం అతని స్నేహితుడు. సిరిసిల్లలో మగ్గాల మీద బతికిన కుటుంబం నుంచి వచ్చి, అమీర్‌పేటలో కంప్యూటర్లు బిగించి అమ్మే దుకాణం పెట్టుకున్నాడు. డబ్బా అంటే అన్నయ్య వాడిన కంప్యూటర్. దానికి మా ఇంట్లో పెట్టిన పేరు నత్త. అన్నయ్య పోయి చాలా ఏళ్ళయింది.

వెళ్ళాను. మెట్రో దిగి సందులోకి తిరిగేసరికే చెప్పుల్లోంచి వేడి తగిలింది. దుకాణంలో అరలు సగం ఖాళీగా ఉన్నాయి. రాజేశం జుట్టు తెల్లబడింది కానీ నడకలో తొందర తగ్గలేదు. నత్తని బల్ల మీద పెట్టి, వైరు తగిలించి, మీట నొక్కాడు. అది లేచి కూర్చునేదాకా ఇద్దరం దాని ఎదురుగానే నిలబడ్డాం. "మొన్నటిదాంక బిల్లులు దీని మీదనే కొట్టిన. ఒక్కపారి సుత మొరాయించలే" అన్నాడు. నేను దాని పక్క మీద అరచెయ్యి ఆనించాను. "సల్లగనే ఉన్నది గద?" అని అడిగాడు. ఉందన్నాను. ఆ తర్వాత ఇద్దరికీ ఒకే రోజు గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలుసు. ఆ మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ రోజు సంగతి తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది అతనూ నేనూ. నాకు తెలిసినంత అతనికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

అప్పట్లో అమీర్‌పేట మొత్తం కంప్యూటర్ కోర్సుల బోర్డులే. కిటికీకొక బోర్డు, మెట్టుకొక కాగితం. ఏ జిల్లా నుంచి వచ్చిన పిల్లలైనా బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చి, చేతిలో పెట్టిన కరపత్రాలు చదువుతూ రోడ్డు దాటేవాళ్ళు. అన్ని కరపత్రాల్లోనూ ఒకే మాట ఉండేది: వేగం. వేగంగా నేర్పుతాం, వేగంగా ఉద్యోగం, మా దగ్గర వేగమైన మెషీన్లున్నాయి. మేముండే మేడలో కింది అంతస్తులన్నీ ఇన్‌స్టిట్యూట్లే. పైన డాబా మీద కట్టిన రెండు గదులూ వంటిల్లూ మావి. నాన్న పోయాక ఆయన స్థానంలో అమ్మకి ఎర్రమంజిల్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగమిచ్చారు. తెల్లవారకముందే వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన, దాని వెనకే కాఫీ డికాక్షన్ వాసన వచ్చేవి. ఎనిమిది దాటకుండా అమ్మ వంట ముగించి, అన్నయ్యకి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూనే మెట్లు దిగేది. ఆ తర్వాత ఇల్లు నాయనమ్మది. తెనాలి దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. గడియారాన్నీ థర్మామీటర్నీ నమ్మేది కాదు. పాల గిన్నె, అన్నం తపేలా, మా నుదుళ్ళు, ఏదైనా సరే చేతి వెనక భాగంతో ముట్టుకుని చూసేది.

అన్నయ్యకి బేగంపేటలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం ఖాయమైన వారంలోనే పంజాగుట్ట చౌరస్తా దగ్గర వానలో స్కూటరు జారింది. మెడ విరిగింది. భుజాలు కదిలేవి, మణికట్లు కొంచెం పైకి లేచేవి, వేళ్ళు కదిలేవి కావు. తల, మాట, చూపు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. సోమాజిగూడ ఆసుపత్రిలో డాక్టరమ్మ అమ్మని పక్కకి పిలిచి చాలాసేపు మాట్లాడింది. ఇంటికొచ్చాక అమ్మ మాకు చెప్పింది ఒక్కటే. "మెడ కింద వీడికి చెమట పట్టదట. గది వేడెక్కితే వీడూ వేడెక్కుతాడు. మనకిలాగా వీడి ఒళ్ళు దానంతటది చల్లబడదు." ఆ తర్వాత మా ఇంట్లో రుతువుల అర్థమే మారిపోయింది. అందరూ శివరాత్రికి చలి పోయిందని సంబరపడుతుంటే, మేం డాబాకి సున్నం కొట్టించేవాళ్ళం. కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టి, గంటగంటకీ నీళ్ళు చల్లేవాళ్ళం. ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు చిమ్మే సీసాతో అన్నయ్య ముఖం మీదా చేతుల మీదా చిమ్మేవాళ్ళం. వట్టివేళ్ళ వాసన అంటే అందరికీ చల్లదనం గుర్తొస్తుంది. నాకు ఇప్పటికీ ఆ వాసన తగిలితే ముందు ఎవరి ఊపిరైనా వినబడుతోందా అని చెవి రిక్కిస్తాను.

కింది అంతస్తుకి మారదామంటే దొరకలేదు. కింది గదులన్నీ ఇన్‌స్టిట్యూట్లవాళ్ళు ఎగరేసుకుపోయారు. ఏసీ పెట్టిద్దామంటే ఆ డాబా వైరింగు మొయ్యదని ఇంటాయన తేల్చేశాడు. గడ్డి తడికల కూలరొకటి, నెత్తిన ఫ్యానొకటి, కరెంటు పోతే ఫ్యాను తిప్పడానికి ఒక ఇన్వర్టరూ. కూలర్ని ఇన్వర్టరు మొయ్యలేదు. కాబట్టి మిట్టమధ్యాహ్నం కరెంటు పోయిందంటే అన్నయ్యకీ ఎండకీ మధ్య ఉన్నది ఆ ఫ్యానొక్కటే.

ప్రమాదం జరిగిన ఏడాదికి రాజేశం ఆ డబ్బా మోసుకొచ్చాడు. అప్పటిదాకా అన్నయ్య గోడకేసి చూస్తూ పడుకునేవాడు, పలకరిస్తే తప్ప పలికేవాడు కాదు. రాజేశం మంచం పక్కన బల్ల వేసి, అన్నయ్య చేతికి తోలు పట్టీ కట్టి, దానికి ఒక పెన్సిల్ గుచ్చాడు. రబ్బరున్న వైపుతో మీటలు నొక్కాలి. అన్నయ్య మొదటి రోజే ముఖం చిట్లించాడు. "ఇదేంట్రా, దీని ప్రాసెసర్ ఎవడూ పేరు కూడా వినలేదు. కింద ఇన్‌స్టిట్యూట్లలో అయితే దీన్ని గేటు దగ్గరే ఆపేస్తారు" అన్నాడు. రాజేశం నవ్వాడు. "అవ్‌రా, స్లో ఉంటది. చవక మాల్. గని కరెంటు తాగది, వేడి గాదు. దీని లోపల చిప్పు నెత్తి మీదుండే చిన్న ఫ్యాను తీసేసి చూసిన, అయినా నడుస్తనే ఉన్నది. నీ ఇన్వర్టరు మీద ఇదీ, నీ ఫ్యానూ రెండూ పొద్దందాక నడుస్తయ్. నీ గదిల ఇంకో పొయ్యి పెట్టుమంటవా ఏంది?" అన్నాడు. అన్నయ్య పెన్సిల్‌తో ఒక అక్షరం నొక్కాడు. అది తెర మీద పడడానికి అది తీసుకోవాల్సినంత సేపు తీసుకుంది. "నత్త" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది.

నాయనమ్మకి అది మొదటి రోజే నచ్చింది. చేతి వెనక భాగం ఆనించి, "పాపం, దీనికి ఒళ్ళు చల్లగా ఉంది. మాట్లాడదు, అరవదు" అంది. నిజమే, అది నడుస్తోందని తెలియాలంటే చిన్న ఆకుపచ్చ దీపం వైపు చూడాలి. ఆ గదిలో నిశ్శబ్దానికి ఎంత విలువో మాకే తెలుసు. అన్నయ్య ఊపిరిలో గురక మారినా, దగ్గు లోపలే ఇరుక్కున్నా వంటింట్లోకి వినబడాలి. నత్త మీద అన్నయ్య మెల్లగా ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టాడు. పెన్సిల్ వేగమూ నత్త వేగమూ సరిపోయాయి. రాసింది సరిగ్గా ఉందో లేదో చూడాలంటే మొత్తం ఒకసారి నడపాలి. దానికి సగం పూట పట్టేది. ఆ సగం పూటా నాయనమ్మ చెప్పే కబుర్లు వినేవాడు, నా చేత పాఠాలు చదివించి తప్పులు దిద్దేవాడు. ఆ చలికాలం మా ఇంట్లో నవ్వులు వినబడ్డాయి. అమ్మ సాయంత్రం మెట్లెక్కి వస్తూ, తలుపు తెరవకముందే ఆగి, లోపలి మాటలు విని అప్పుడు తట్టేది. ఎందుకు ఆగుతుందో మేం అడగలేదు.

తర్వాత ఎండలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే బేగంపేట కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ప్రమాదానికి ముందు అన్నయ్యని తీసుకుందామనుకున్న ఆ మేనేజరు మర్చిపోలేదు. ఒక ఆసుపత్రి బిల్లుల లెక్కలు చూసే ప్రోగ్రాము కావాలి, రాసి, పాత లెక్కలన్నీ దానిలోంచి నడిపి, తప్పు లేకుండా వచ్చిందని చూపిస్తే ఇంట్లోంచే పని చేసేలా ఉద్యోగమిస్తానన్నాడు. గడువు మే నెలలో ఒక శుక్రవారం. ఫోన్ పెట్టేశాక అన్నయ్య ముఖంలో వచ్చిన ఎరుపు నేను స్కూటరు జారిన రోజుకి ముందెప్పుడో చూశాను. సంతోషమే. కానీ నాయనమ్మ లేచి వచ్చి నుదురు ముట్టుకుని చూసింది.

నత్త మీద ఆ లెక్కలు నడిపితే ఒక్కసారికే రెండు మూడు రోజులు. తప్పు దొరికితే మళ్ళీ మొదటి నుంచి. అన్నయ్య రాజేశాన్ని పిలిపించాడు. "ఒక్క నెలకి. ఉన్నవాటిలో అన్నిటికన్నా స్పీడుది తీసుకురా" అన్నాడు. రాజేశం చాలా సేపు కిటికీ వైపు చూశాడు. చివరికి తెచ్చాడు. దాన్ని ఆన్ చేసిన క్షణం గదిలో మిక్సీ వేసినట్టయింది. వెనక నుంచి వేడిగాలి కొట్టింది. పెనం మీద ధూళి కాలినట్టు ఒక వాసన వచ్చింది. "దీని నెత్తి మీద గీ ఫ్యాను ఊడితే లోపల చిప్పు మాడి పొగ లేస్తది. అంత వేడి" అన్నాడు రాజేశం. నాయనమ్మ డబ్బా మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. "దీనికి జ్వరంరా" అంది. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఈ పని అయ్యేదాకానే. తర్వాత ఒక్క రోజు కూడా ఇది ఇంట్లో ఉండకూడదు" అంది. రాజేశం వెళ్తూ వెళ్తూ మంచం మీదికి వంగాడు. "శేషు, ఇది మస్తు కరెంటు తింటది. లైటు పోతే నీ ఇన్వర్టరు దీన్నీ ఫ్యానునూ కలిపి ఎక్కువసేపు మొయ్యది. కరెంటు పోయిందంటే దీన్ని బంద్ చెయ్యాలె. ఒట్టు?" అన్నాడు. అన్నయ్య నవ్వి "ఒట్టురా" అన్నాడు.

ఆ రోజుల్లో ఇంట్లో అందరి గొంతులూ పెరిగాయి, ఆ మోతలో వినబడాలి కదా. అన్నయ్య దగ్గితే వంటింట్లోకి వినబడటం మానేసింది. కూలర్ ఎంత తిప్పినా గదిలో ఏదో మూల ఉడుకు మిగిలిపోయేది. తడికలు తొందరగా ఆరిపోయేవి. అన్నయ్య మాత్రం మారిపోయాడు. సగం పూట పట్టేది కాఫీ తాగేలోపు అయిపోతుంటే, అతనికి కాఫీ తాగే తీరిక కూడా లేకుండా పోయింది. తప్పు కనబడేది, దిద్దేవాడు, మళ్ళీ నడిపేవాడు. నాయనమ్మ కబుర్లు మధ్యలో ఆగిపోయేవి. "తర్వాత చెప్పు నాయనమ్మా" అనేవాడు. నీళ్ళు చిమ్మబోతే "మెషీన్ మీద పడతాయే, జరుగు" అని నన్ను కసిరేవాడు. కళ్ళ కింద నల్లబడింది.

ఆ శుక్రవారం నాకు బేగంపేటలో డిగ్రీ పరీక్ష. అమ్మకి ఆఫీసులో సెలవు దొరకలేదు. పొద్దున బయల్దేరేటప్పుడు అన్నయ్య చివరిసారి మొత్తం లెక్కలు నడపడం మొదలుపెట్టాడు. "మధ్యాహ్నానికి అయిపోతుంది. సాయంత్రం రాజేశం వచ్చి తీసుకెళ్ళి ఇచ్చేస్తాడు. ఇక మీ అందరికీ ఈ గోల ఉండదు" అన్నాడు. పరీక్ష హాల్లో కూర్చున్న కాసేపటికి నెత్తి మీద ఫ్యాను ఆగిపోయింది. బేగంపేటలో పోతే అమీర్‌పేటలోనూ పోయి ఉంటుందనుకున్నాను. ఒట్టేశాడు కదా, మెషీన్ ఆపించి ఉంటాడనుకున్నాను. అయినా ఆ తర్వాత రాసిన జవాబులు ఏమిటో నాకు గుర్తులేదు.

ఇంటికి చేరేసరికి ఎండ నిట్టనిలువునా ఉంది. మెట్ల మీద ఇన్‌స్టిట్యూట్ పిల్లలు కరెంటు లేక బయటికొచ్చి, కరపత్రాలతో విసురుకుంటూ కూర్చున్నారు. పైకెక్కుతుంటే మోత వినబడుతుందేమోనని విన్నాను. ఏమీ లేదు. మెషీన్ లేదు, ఫ్యాను లేదు. ఇన్వర్టరు కూత మాత్రం సన్నగా, సాగదీసినట్టు వస్తోంది. తలుపు దగ్గరే నాయనమ్మ ఎదురొచ్చి నోటి మీద వేలు పెట్టింది. "అలికిడి చెయ్యకు. ఇప్పుడే నిద్రపట్టింది. చలిజ్వరం వచ్చినట్టుంది వాడికి. చలి చలి అన్నాడు. ఫ్యాను కట్టేసి దుప్పటి కప్పాను" అంది.

ఆ గది తలుపు తోశాక నా ముఖానికి తగిలిన వేడి ఇప్పటికీ చర్మం మీద ఉంది. దుప్పటి లాగేశాను. అన్నయ్య ముఖం కందిపోయి ఉంది. నుదురు, మెడ, గుండెలు, ఎక్కడా తడి చుక్క లేదు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. "అన్నయ్యా" అని అరిచాను. పెదవులు కదిలాయి, మాట కాలేదు. బిందెలో నీళ్ళన్నీ మంచం మీదే కుమ్మరించి, "నాయనమ్మా, నీళ్ళు పోస్తూనే ఉండు, ఆపకు" అని చెప్పి రాజేశం దుకాణానికి పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. రాజేశం నా ముఖం చూడగానే లేచాడు. మెట్ల మీద కూర్చున్న పిల్లల్లో ఇద్దర్ని చొక్కాలు పట్టి లాక్కుంటూ పైకొచ్చాడు. తడిపిన దుప్పట్లో చుట్టి, ముగ్గురూ కలిసి మోస్తూ దించారు. మెట్ల మీది పిల్లలందరూ గోడకి అతుక్కుపోయి దారిచ్చారు. ఆటోలో సోమాజిగూడ వరకూ రాజేశం అన్నయ్య తల ఒళ్ళో పెట్టుకుని, "శేషు, ఇటు చూడు, నన్ను తిట్టురా, ఒక్క తిట్టు తిట్టు" అంటూనే ఉన్నాడు.

డాక్టరమ్మ మంచు గడ్డలు పెట్టించింది. ఎవరెవరో లోపలికీ బయటికీ తిరిగారు. అమ్మ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి గోడ పక్కన నిలబడింది, కూర్చోలేదు. సాయంత్రమవుతుండగా డాక్టరమ్మ బయటికొచ్చి, గండం గడిచిందన్నట్టు తలూపి, "దుప్పటి కప్పిందెవరు?" అని అడిగింది. నాయనమ్మ ముందుకొచ్చింది. "నేనేనమ్మా. చలి అన్నాడు. ముట్టుకుంటే కాలిపోతున్నాడు. చలిజ్వరమనుకున్నాను." డాక్టరమ్మ గొంతు తగ్గించి, ఇలాంటివాళ్ళకి వేడీ చలీ సరిగ్గా తెలియవనీ, ఒళ్ళు కాలిపోతున్నా చలి అనొచ్చనీ, వాళ్ళు చెబితే నమ్మకూడదనీ వివరించింది. డాక్టరమ్మ మాట అందరం నమ్మాం. అమ్మ అత్తగారి వైపు ఒక్క చూపు చూసింది. ఆ రోజు నుంచీ నాయనమ్మ ఇంట్లో ఏ స్విచ్చూ ముట్టుకోలేదు. సాయంత్రం మేమెవరం రాకపోతే చీకట్లోనే కూర్చునేది.

అన్నయ్యకి తెలివొచ్చాక రాజేశాన్ని అడిగిన మొదటి మాట, "అయిందా?" రాజేశం అంతకుముందే కరెంటొచ్చాక మెషీన్ ఆన్ చేసి చూశాడట. లెక్కలన్నీ చివరిదాకా నడిచి, తప్పు లేకుండా పూర్తయి ఉన్నాయి. ఆ తర్వాతే ఇన్వర్టరు చచ్చింది. "అయిందిరా. ఇచ్చొచ్చిన సుత" అన్నాడు. ఉద్యోగం వచ్చింది. ఆ కబురు విన్న రోజు అమ్మ ఆనందపడాలో భయపడాలో తెలియక గిన్నెలన్నీ రెండోసారి తోమింది. ఉద్యోగమంటే ఆ వేడి డబ్బా మళ్ళీ ఆ గదిలోకి రావాలి కదా. కానీ అన్నయ్యే అన్నాడు. "రాజేశం, అది మా ఇంట్లో వద్దు. నీ దుకాణంలోనే ఉంచు. నాకు నత్త చాలు." ఆరోగ్యం బెదిరించింది కాబట్టి బుద్ధొచ్చిందని అమ్మ అనుకుంది.

రాజేశం ఆలోచించి దారి కనిపెట్టాడు. దుకాణం మా మేడకి రెండు డాబాల అవతలే. కేబుల్ టీవీవాళ్ళు లాగినట్టే డాబాల మీదుగా ఒక వైరు లాగాడు. అన్నయ్య ఇక్కడ నత్త మీద రాస్తాడు. అసలు పనంతా అక్కడ, దుకాణంలో, ఆ వేడి డబ్బా చేస్తుంది. వచ్చింది మళ్ళీ నత్త తెర మీద కనబడుతుంది. మా గది చల్లగా ఉండేది. దుకాణంలో రాజేశం ఆ వేడి పక్కన కూర్చుని బనీనుతో పని చేసుకునేవాడు. కరెంటు పోతే అక్కడ ఆగిపోయేది. ఇక్కడ నత్తా ఫ్యానూ నిదానంగా నడుస్తూనే ఉండేవి. అన్నయ్య పెన్సిల్ పక్కన పెట్టి, నాయనమ్మ ఎప్పుడో మధ్యలో ఆపిన కబురు అడిగేవాడు. అలా చాలా ఏళ్ళు పని చేశాడు. కంపెనీవాళ్ళు అతన్ని చూడటానికి మెట్లెక్కి వచ్చేవాళ్ళు. చివరికి తీసుకెళ్ళింది ఎండ కాదు, ఒక ముసురు కాలంలో ఊపిరితిత్తుల్లో చేరిన నెమ్ము.

ఇప్పుడు నా ఫ్లాట్‌లో, పంజాగుట్ట వైపు కిటికీ తెరిస్తే, ఎదురు మేడల గోడలనిండా ఏసీల వెనక భాగాలే. ఇళ్ళలోని వేడినంతా సందులోకి ఊదుతుంటాయి. పిల్లల చేతుల్లో ఉన్న ఫోన్లూ కంప్యూటర్లూ పలచగా, చల్లగా, నిశ్శబ్దంగా ఉంటాయి. అసలు పనంతా ఊరి బయట కిటికీల్లేని పెద్ద మేడల్లో జరుగుతుందనీ, అక్కడ లోపలంతా చల్లబరిచే యంత్రాలేననీ మా అమ్మాయి చెబుతుంది. రాజేశం లాగిన వైరే, ఇంకాస్త పొడవుగా. ఆ వేడి పక్కన బనీనుతో కూర్చున్నదెవరో ఇప్పుడు మనకి తెలియదు, అంతే తేడా. వేగాన్ని నేను తిట్టను. ఆ వేడి డబ్బా లేకపోతే అన్నయ్యకి ఉద్యోగం లేదు, ఆ తర్వాతి ఏళ్ళు లేవు. కానీ ఆ నెలంతా ఆ గదిలో ఏం జరుగుతోందో మాలో ఎవరికీ వినబడలేదు, దాని మోత అంత పెద్దది. ప్రతి వేసవీ కిందటి దానికన్నా ఘాటుగా వస్తోంది. కరెంటు పోయిన మధ్యాహ్నం, ఈ మేడలన్నిట్లో ఏ గదిలో ఎవరు తలుపులు మూసుకుని పడుకున్నారోనని ఇప్పటికీ లెక్కలు వేస్తాను.

ఇక అమ్మ బతికుండగా రాయలేని సంగతొకటి ఉంది. ఆ ఏడు తొలకరి పడ్డాక, బల్కంపేట ఎల్లమ్మ గుడి వైపు నుంచి డప్పులు వినబడుతున్న సాయంత్రం, అమ్మ బోనాలు చూడటానికి వెళ్ళింది. నేను అన్నయ్య చేతి పట్టీ విప్పుతున్నాను. నాయనమ్మ గుమ్మం దగ్గర చింతపండు గింజలు తీస్తోంది.

"ఆ రోజు నాకు చలెయ్యలేదే" అన్నాడు అన్నయ్య.

నేను పట్టీ వదిలేసి అతని ముఖం వైపు చూశాను.

"ఇన్వర్టరు కూత మొదలెట్టింది. పని ఇంకొంచెమే ఉంది. ఫ్యాన్ ఆపితే మెషీన్‌కి బ్యాటరీ సరిపోతుందని లెక్కేశాను. ఊరికే ఆపమంటే నాయనమ్మ ఆపదు. అందుకే చలి అన్నాను. దుప్పటి కప్పుతుందనుకోలేదు."

"తీసెయ్యమనొచ్చుగా!"

"తీసెయ్యమంటే ఫ్యాన్ కూడా వేసేది."

"ఒళ్ళు కాలిపోతున్నట్టు తెలియలేదా నీకు?"

"తెలిసింది. తల పేలిపోతోంది. భయమేసింది కూడా. కానీ తెర మీద పని కదులుతోంది కదా." నత్త వైపు చూశాడు. "ఆ వేడి డబ్బా పక్కనుంటే మళ్ళీ అదే చేస్తానే. నత్తతో ఆ భయం లేదు. అది నన్నేమీ అడగదు. అక్కడ దుకాణంలో కరెంటు పోతే నా చేతుల్లో ఏమీ ఉండదు. నాకు అదే బాగుంది."

గుమ్మం దగ్గర చింతగింజల చప్పుడు ఆగి ఎంత సేపయిందో మేం గమనించలేదు. నాయనమ్మ లేచి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అన్నయ్య, "నాయనమ్మా, అమ్మ రాగానే నేనే చెప్పేస్తాను. నీ తప్పేం లేదని చెబుతాను" అన్నాడు.

"చెప్పకు" అంది నాయనమ్మ. "నీకు నువ్వే చేసుకున్నావని తెలిస్తే మీ అమ్మ ఇక ఆఫీసుకెళ్ళగలదా? నిన్నొదిలి గడప దాటగలదా? ముసలిదానికి తెలివి లేక జరిగిందనుకుంటే, నా మీద ఒక కన్నేసి ఉంచుతుంది. అంతేగా. ఉంచనీ." చేతి వెనక భాగంతో అన్నయ్య నుదురు ముట్టుకుని చూసి, లేచి వెళ్ళి మళ్ళీ చింతపండు ముందు కూర్చుంది.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం అమ్మ ఆఫీసుకి బయల్దేరుతూ, గుమ్మంలో ఆగి, ఎంత వద్దనుకున్నా గొంతులోకి వచ్చే కరుకుతో, "అత్తయ్యా, వాడు ఏమన్నా సరే ఫ్యాన్ జోలికి పోకండి" అనేది. నాయనమ్మ తలెత్తకుండా "పోనమ్మా" అనేది. అన్నయ్యకి బాగా కదిలేవి తలా భుజాలే. ఆ మాట వినబడినప్పుడల్లా అతను తల గోడ వైపుకి తిప్పుకునేవాడు.